దోతానులో తెరవబడిన కన్నులు

పాఠ్యభాగము: 2 రాజులు 6:8–23
కలిపి చదువవలసినవి: ఆదికాండము 37:12–28, మత్తయి 26:47–56, హెబ్రీయులకు 11:1–27



మన సంఘములలో అనేకుల నోట బయటికి రాక, మనస్సులోనే మెదలుచుండు ప్రశ్న ఒకటి యున్నది. అప్పు ఇచ్చినవాడు వాకిట నిలిచియుండుట మనకు కనబడుచున్నది. మబ్బు తునక లేని ఆకాశము కనబడుచున్నది. మంచము పట్టిన బిడ్డ కనబడుచున్నాడు. మనకు తోడైయున్నాడని ఆదివారమున మనము పాడుచున్న దేవుడు మాత్రము కనబడుట లేదు. కనబడువాటి భారము ఇంతగా ఉండగా, కనబడని వానిని నమ్ముకొని దినములు గడుపుట ఎట్లు?

ఈ ప్రశ్న అడుగుట పాపము కాదు. లేఖనములో ఒక సేవకుడు ఇటువంటి ప్రశ్ననే ఒకనాటి తెల్లవారుజామున అడిగెను. దేవుడు అతనిని గద్దింపక, అతని కన్నులు తెరచెను. ఈ మాసము ఆ సేవకుని వృత్తాంతమును మనము నిదానముగా ధ్యానించుదము.

1. సేవకుడు చూచినది

సిరియా రాజు ఇశ్రాయేలువారితో యుద్ధము చేయుచు, ఫలాని చోట మాటు వేయుదమని తన వారితో రహస్యముగా ఆలోచించుచుండెను. అయితే ఏలీషా ప్రవక్త ఆ సంగతి ముందుగానే ఇశ్రాయేలు రాజునకు వర్తమానము పంపుచుండెను. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఇట్లు పలుమారులు జరిగెను. సిరియా రాజు కలవరపడి, మనలోనే ద్రోహి యెవడో యున్నాడని అనుమానించెను. ఇది ప్రవక్తవలన జరుగుచున్నదని తెలిసినప్పుడు, ఒక్క మనుష్యుని పట్టుకొనుటకై గుఱ్ఱములను రథములను పెద్ద దండును రాత్రివేళ దోతానునకు పంపెను.

దోతాను సమరయ పట్టణమునకు ఉత్తరముగా సుమారు 12 మైళ్ల దూరమున ఉండెను. అది మైదానము నడుమ లేచియున్న దిబ్బ. జోసెఫ్ ఫ్రీ అను అమెరికా పండితుడు 1953 మొదలుకొని 1964 వరకు అచ్చట త్రవ్వకములు జరిపించి, పురాతనమైన గోడలను ఇండ్లను బయటికి తీసెను. మైదానము నడుమనున్న అటువంటి ఊరిని రాత్రివేళ చుట్టుకొనినయెడల, తెల్లవారునప్పటికి లోపలివారికి పారిపోవు దారి యుండదు.

ప్రవక్త సేవకుడు పెందలకడ లేచి బయటికి వచ్చెను. ఏ వైపు చూచినను గుఱ్ఱములు, ఏ వైపు చూచినను రథములు. అతడు ప్రాణము బిగబట్టుకొని యజమానుని యొద్దకు వచ్చి, ఇక మన గతి యేమని మొరపెట్టెను.

ఇక్కడ మనము మొదట గమనింపవలసిన సంగతి యేమనగా, ఆ సేవకుడు చూచినది అబద్ధము కాదు. సిరియా దండు నిజముగానే అచ్చట ఉండెను. ఏలీషా కూడ, "దండు లేదు, నీవు భ్రమపడుచున్నావు" అని చెప్పలేదు. విశ్వాసమనగా ఉన్నదానిని లేదనుట కాదు. జ్వరముతో ఒళ్లు కాలుచుండగా నాకు జ్వరము లేదని చెప్పుట విశ్వాసము కాదు. అప్పు పత్రముమీద వ్రేలిముద్ర వేసి, అప్పు లేదని చెప్పుట విశ్వాసము కాదు. అబ్రాహాము తన దేహము ఉడిగిపోయినదని బాగుగా ఎరిగియుండియే దేవుని వాగ్దానమును నమ్మెనని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను (రోమా 4:19).

అయితే సేవకుని లోపము ఎక్కడ? అతడు ఒక వైపు లెక్క మాత్రమే చూచెను. జమ వ్రాయక ఖర్చు మాత్రమే వ్రాసిన చిట్టాలో ప్రతి అంకెయు సరిగానే యుండవచ్చును; అయినను ఆ చిట్టా అంతయు తప్పే. అతని కన్నులు సిరియావారిని ఒక్కొక్కరిని సరిగానే చూచెను. దేవుడు చేర్చిన బలగమును మాత్రము చూడలేకపోయెను. భయమనగా చాలమట్టుకు ఇదియే. భయపడువాడు అబద్ధము చూచుట లేదు, సగము చూచుచున్నాడు.

2. ప్రవక్త అడిగినది

ఏలీషా చేసిన ప్రార్థనను గమనించుడి. ప్రభువా, రథములను పంపుమని అతడు అడుగలేదు. వీని కన్నులు తెరువుమని మాత్రమే అడిగెను. సేవకుని కన్నులు తెరవబడగా, ఆ కొండ అగ్ని గుఱ్ఱములతోను అగ్ని రథములతోను నిండియుండెను. అవి అప్పుడే వచ్చినవని లేఖనము చెప్పుట లేదు. సేవకుడు బయటికి వచ్చి కేకవేసినప్పుడు అవి అచ్చటనే ఉండెను. అతడు చూచుటవలన అవి కలుగలేదు. చూడకపోవుటవలన లేకుండ పోలేదు.

మరియొక సంగతి. "భయపడకుము, మనతోనున్న బలగము వారి బలగముకంటె పెద్దది" అను భావముగల మాటను ఏలీషా సేవకుని కన్నులు తెరవబడకముందే చెప్పెను. మొదట మాట, తరువాత చూపు. దేవుడు తన బిడ్డలతో వ్యవహరించు క్రమము సాధారణముగా ఇదియే. చూచిన తరువాత నమ్ముదుమని మనము అందుము. నా మాట నమ్ముము, చూడవలసినంత చూపించెదనని దేవుడు అనును. తోమా గాయములను ముట్టుకొననిదే నమ్మననెను. ప్రభువు అతనిని త్రోసివేయలేదు గాని, చూడక నమ్మువారిని ధన్యులని పిలిచెను (యోహాను 20:24–29). ఆ ధన్యత మనదే.

ఇంకను గమనించుడి. ఏలీషా సేవకునిమీద కోపపడలేదు. "ఇన్నాళ్లు నాతో తిరిగియు నీకు విశ్వాసము లేదా?" అని నలుగురిలో అవమానింపలేదు. అతనికొరకు తానే ప్రార్థించెను. ఈ చోట మన సంఘములు బుద్ధి తెచ్చుకొనవలెను. ఒక విధవరాలు ఏడ్చుచుండగా, "నీకు విశ్వాసము తక్కువ గనుకనే ఇట్లు జరిగినది" అని చెప్పి వచ్చువారు మనలో నున్నారు. అది ఓదార్పు కాదు, పుండుమీద కారము చల్లుట. నీకు కనబడుచున్నయెడల, కనబడనివారికొరకు మోకరించుము. పక్షవాయువుగల వానిని నలుగురు మోసికొని వచ్చి యింటికప్పు విప్పి దింపినప్పుడు, ప్రభువు ఆ నలుగురి విశ్వాసమును కూడ చూచెను (మార్కు 2:3–5). విశ్వాసము నడువలేనివారిని మోయు మంచము కూడ అగును.

3. కంటికి కనబడనిది లేనిదని చెప్పవచ్చునా?

కంటికి కనబడనిదెల్ల లేనిదేనని కొందరు యువకులు వాదించుచున్నారు. వారిమీద విసుగుకొనక, నెమ్మదిగా జవాబు చెప్పుదము.

పూర్వకాలమున చలిజ్వరము చెడుగాలివలన వచ్చునని లోకమంతయు తలంచెను. మలేరియా అను పేరునకు అర్థమే చెడుగాలి. ఆ జ్వరము ఎన్ని ఇండ్లలో దీపములార్పెనో మన పెద్దలకు తెలియును. అయితే మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన, రోనాల్డ్ రాస్ అను సైన్య వైద్యుడు సూక్ష్మదర్శినిలో దోమ కడుపును పరీక్షించుచు, మలేరియా క్రిమి యొక్క జాడను కనుగొనెను. ఆ దినమునకు ముందు ఆ క్రిమి దోమ కడుపులో లేదా? ఉండెను. దానిని అచ్చట చూచిన కన్ను లేదు, అంతే. కంటికి అందనంతమాత్రమున ఒకటి లేదని చెప్పుటకు వీలులేదని ఈ ఒక్క సంగతియే మనకు నేర్పుచున్నది.

అయితే ఈ పోలికను మితిమీరి లాగరాదు. దేవుడు సూక్ష్మదర్శినిలో దొరకువాడు కాడు. క్రిమిని నేర్పుగల ఏ కన్నైనను వెదకి పట్టుకొనగలదు. దేవుడు తన్నుతాను బయలుపరచినప్పుడే మనము ఆయనను ఎరుగుదుము. కాబట్టి మన విశ్వాసము ఊహ కాదు, ఎరిగినవాని మాటమీద నిలుచుట. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము మొదటి వచనము చెప్పునది ఇదియే. ఆ అధ్యాయములోనే 27వ వచనములో మోషే అదృశ్యుడైన దేవుని ఎదుట చూచుచున్నవానివలె స్థిరముగా నిలిచెనని వ్రాయబడియున్నది. ఫరో కోపము అతనికి కనబడెను. అంతకంటె నిజముగా మరియొకడు కనబడెను.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరము.

మొదటిది, విశ్వాసము పేరట వైద్యమును మానవద్దు. యెషయా ప్రవక్త హిజ్కియా రాజు బ్రదుకుననెడి దేవుని వర్తమానము తెచ్చియు, పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను (2 రాజులు 20:5–7). లూకా వైద్యుడు (కొలొస్స 4:14). బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఆసుపత్రికి తీసికొనిపోవుట అవిశ్వాసము కాదు. కనబడని దేవుడు కనబడు చేతులతో కూడ పనిచేయును. ప్రార్థించుచునే తీసికొనిపొండి, ఆలస్యము చేయకుడి.

రెండవది, కనబడనిదానిని చూపించెదమని చెప్పి డబ్బడుగువారి యొద్దకు పోవద్దు. ఆరాధన ముగించి ఇంటికి వచ్చి, సాయంత్రము సోదె చెప్పించుకొనువారును, బిడ్డ మెడలో తాయెత్తు కట్టించువారును మనలో లేకపోలేదు. ప్రభువు నామము పలుకుచునే, "నీ కొరకు నాకు దర్శనము కలిగెను, ఇంత కానుక ఇమ్ము" అని అడుగువారును ఉన్నారు. వారిని గుర్తుపట్టుటకు దోతాను వృత్తాంతమునకు ముందున్న 5వ అధ్యాయము చాలును. నయమాను కుష్ఠరోగము పోయినప్పుడు ఏలీషా అతని యొద్ద ఏమియు తీసికొనలేదు. ప్రవక్త యింటిలోనే యున్న గేహజీ మాత్రము వెంట పరుగెత్తి, రెండు తలాంతుల వెండియు రెండు దుస్తులును తెచ్చుకొని దాచుకొనెను. చివరకు కుష్ఠము కూడ తెచ్చుకొనెను. దేవుని యొద్దనుండి వచ్చిన చూపు అమ్మకమునకు పెట్టబడదు. వెలకట్టి అమ్మబడుచున్నయెడల అది దేవుని యొద్దనుండి వచ్చినది కాదు.

4. అదే దోతానులో మరియొకడు

ప్రియులారా, ఇప్పుడు కష్టమైన భాగమునకు వచ్చితిమి. ఇంతవరకు చదివి, "ఆ సేవకుని కన్నులు తెరవబడెను. మావి తెరవబడలేదే! మేమును ప్రార్థించితిమి, ఒక రథమైనను కనబడలేదు" అని చెప్పువారు మనలో ఉందురు. వారికొరకే లేఖనము దోతానును ఇంకొకసారి చూపించుచున్నది.

ఏలీషాకు అనేక వందల సంవత్సరములకు ముందు, 17 సంవత్సరముల యువకుడైన యోసేపు తన అన్నలను వెదకుచు ఈ దోతానునకే వచ్చెను (ఆదికాండము 37:17). అన్నలు అతని అంగీ తీసివేసి, నీరులేని గుంటలో పడవేసిరి. పైన వారు కూర్చుండి భోజనము చేసిరి. లోపలనుండి అతడు బతిమాలుచుండెనని తరువాత వారే ఒప్పుకొనిరి (42:21). అగ్ని గుఱ్ఱములు ఏవి? ఏ కొండ నిండెను? ఏమియు కనబడలేదు. కనబడినది ఒంటెల బిడారు. వినబడినది 20 వెండి నాణెముల బేరము.

స్థలము అదే, దేవుడు అదే. ఒకనికి ఉదయమున చూపించినదానిని మరియొకనికి చూపింపలేదు. ఎందుకని అడిగినయెడల లేఖనము జవాబు చెప్పుట లేదు. మనమును కల్పించి చెప్పరాదు. యోసేపునకు విశ్వాసము తక్కువయని ఎవరును చెప్పలేరు. యెహోవా అతనికి తోడైయుండెనని మాత్రము 39వ అధ్యాయము మరల మరల చెప్పుచున్నది. ఐగుప్తు యజమానుని యింటిలో తోడు, చెరసాలలో తోడు. అయినను ఆ తోడు అతని కంటికి కనబడినట్లు ఒక్క మాట లేదు.

లెక్క చూడుడి. గుంటలో పడినప్పుడు యోసేపునకు 17 సంవత్సరములు. ఫరో యెదుట నిలిచినప్పుడు 30. తరువాత సమృద్ధిగల 7 సంవత్సరములు గడచి, కరవులో 2 సంవత్సరములు గడచినప్పుడు (45:6) అతడు అన్నలకు తన్నుతాను తెలియజేసెను. అనగా దోతానులో జరిగినదాని అర్థము అతనికి సుమారు 22 సంవత్సరములు పట్టెను. మీరు చేయదలచిన కీడును దేవుడు మేలుగా మార్చెనని అతడు చెప్పిన మాట (50:20) ఇంకను తరువాతిది, తండ్రి చనిపోయిన తరువాత చెప్పినది.

కాబట్టి బిడ్డను మట్టికి అప్పగించిన తల్లీ, పొలము పోగొట్టుకొన్న సహోదరుడా, నీకు రథములు కనబడకపోయినంతమాత్రమున దేవుడు నిన్ను విడిచిపోయెనని తలంపకుము. నీవు దోతానులోనే యున్నావు. కొండమీదనున్నవానితో ఉన్న దేవుడు గుంటలోనున్నవానితో కూడ ఉండెను.

మన ప్రభువు సంగతి చూడుడి. గెత్సేమనేలో కత్తులతోను గుదియలతోను వచ్చినవారు ఆయనను పట్టుకొన్నప్పుడు, నేను అడిగినయెడల నా తండ్రి 12 సేనావ్యూహములకంటె ఎక్కువమంది దూతలను పంపునని ఆయన శిష్యునితో చెప్పెను (మత్తయి 26:53). దోతాను కొండను నింపిన ఆ బలగము ఆ రాత్రియందును దేవుని యొద్ద ఉండెను. ప్రభువు పిలువలేదు. మనకొరకు పిలువలేదు. తానే గుంటలోనికి దిగెను. గనుక రథములు కనబడని చీకటిలో ఎవరైనను ఉన్నయెడల, ఆ చీకటిలో వారికి ముందుగా ప్రభువు నడచియున్నాడు.

5. చూచినవాడు ఏమి చేయును?

ఒకని కన్నులు నిజముగా తెరవబడెనని మనమెట్లు తెలిసికొందుము? అతడు చెప్పు దర్శనములవలననా? కాదు. దోతాను కథ చివరివరకు చదివినయెడల గురుతు దొరకును.

ఏలీషా ప్రార్థింపగా సిరియా దండునకు కన్ను మసకలు కమ్మెను. అతడు వారిని నడిపించుకొని, 12 మైళ్లు దాటించి, సమరయ నడుమకు తెచ్చెను. అచ్చట మరల ప్రార్థింపగా వారి కన్నులు తెరవబడెను; చూడగా, తాము శత్రువు కోటలో ఉండిరి. ఇశ్రాయేలు రాజు ఆత్రపడి, వీరిని కొట్టుదునా, కొట్టుదునా అని రెండుమారులు అడిగెను. ప్రవక్త వద్దనెను. వారికి రొట్టెయు నీళ్లును పెట్టించుమనెను. రాజు వారికి పెద్ద విందు చేసి పంపివేసెను. ఆ తరువాత సిరియా దోపిడి దండులు ఆ దేశములోనికి వచ్చుట మానెను.

బెన్హదదు తరువాత మరల యుద్ధమునకు వచ్చెనని 24వ వచనము చెప్పుచున్నది, అదియు దాచరాదు. దయ చూపినయెడల శత్రువు ఎల్లకాలము మారిపోవునని లేఖనము మనకు పూచీ ఇచ్చుట లేదు. అయినను అన్నము పెట్టుమనియే చెప్పుచున్నది.

ఇప్పుడు రెండు దోతానులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. కొండమీద రథములు చూచిన ఏలీషా శత్రువులకు రొట్టె పెట్టించెను. గుంటలో ఏమియు చూడని యోసేపు, తనను అమ్మివేసిన అన్నల గోనెలు ధాన్యముతో నింపి, వారి రూకలు కూడ తిరిగి పెట్టించెను. చూచినవాడును చూడనివాడును ఒక్క పనియే చేసిరి. పగవానికి అన్నము పెట్టిరి. అదృశ్యమైనదానిని ఎరిగినవాని గురుతు ఇదియే. దర్శనములు కొందరికి కలుగును, కొందరికి కలుగవు. శత్రువునకు అన్నము పెట్టుట మాత్రము విశ్వసించు ప్రతివానికి ఒప్పగింపబడినది.

ఏలయనగా భయపడువాడు కనికరము చూపలేడు. తనవైపు ఎవరును లేరనుకొనువాడు ప్రతి గట్టుకొరకు, ప్రతి చారెడు నేలకొరకు కొట్లాడవలసినదే. చెఱువు నీటి వంతు దగ్గర గొడ్డలి ఎత్తువాడు బలముగలవాడని లోకము తలంచును. నిజమునకు వాడు భయపడినవాడు. నా పక్షమున దేవుడున్నాడని ఎరిగినవాడు ఒక మూర గట్టు వదలుకొనగలడు. సంఘములో రెండు కక్షలుగా చీలి, పెద్దరికము కొరకు కోర్టులకెక్కుచున్నవారు కూడ ఈ మాట వినవలెను. మనము అగ్ని రథములను గూర్చి ప్రసంగించుచు, సహోదరుని యింట మంచినీళ్లు పుచ్చుకొనకున్నయెడల, మన కన్నులు ఇంకను తెరవబడలేదు.

6. ఒంగోలు కొండ

ఈ సంగతి పరిశుద్ధ గ్రంథ కాలమునకే చెల్లినది కాదు. మన తెలుగుదేశములోనే దీనికి సాక్ష్యమున్నది. అమెరికా బాప్తిస్టువారు 1836లో తెలుగువారికొరకు సువార్తపని ఆరంభించిరి. ఏండ్లు గడచినను నెల్లూరులో విశ్వసించినవారు బహు కొద్దిమంది. 1853లో ఈ పనిని మూసివేయుదమా అని అమెరికాలో తర్జనభర్జన జరిగెను. పటములో ఒంటిగానున్న ఆ స్థానమునకు ఒంటరి నక్షత్రమను పేరు వచ్చెను. కంటికి కనబడు లెక్క ప్రకారము మూసివేయుటయే న్యాయమని తోచును.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ దొరగారును ఆయన భార్యయు మరి ముగ్గురు విశ్వాసులును ఒంగోలు ప్రక్కనున్న కొండ ఎక్కిరి. వారిలో నెల్లూరు జూలియా అను సహోదరియు ఉండెను. అంతయు ఐదుగురే. క్రింద పరచుకొనియున్న ఊళ్లను చూచుచు, ఈ ప్రజలకొరకు సేవకుని పంపుమని ప్రార్థించి దిగిరి. ఆ దినమున వారికి ఏ రథమును కనబడలేదు. ప్రార్థించిన సేవకుడు, జాన్ క్లౌ దొరగారు, ఒంగోలునకు వచ్చి కాపురముండుటకు 12 సంవత్సరములు పట్టెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడెను. ఆ కొండను జనులు ప్రార్థన కొండ అని పిలుచుచున్నారు.

తరువాత 1876 మొదలుకొని 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము అడిగిరి. ఆయన ఇయ్యలేదు. కూటికొరకు మతమను మాట రాకూడదని, కరవు తగ్గువరకు నెలల తరబడి ఆపెను. అన్నము అన్నముగానే పెట్టబడెను. దానిమీద విశ్వాసమునకు వెల వేయబడలేదు. కరవు తగ్గిన తరువాత, 1878 జులై 3న, గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ అంకెను చెప్పుకొని అతిశయపడుటకు మనము దీనిని వ్రాయుట లేదు. ఎనిమిదిమందితోనున్న సంఘముకూడ దేవుని సంఘమే. అయితే ఐదుగురు కొండ దిగివచ్చిన ఆ ఉదయము, వారి కన్నులకు ఏమి కనబడెను? ఊళ్లు మాత్రమే. ఆ ఊళ్లలో దేవుడు చేయబోవు పని కనబడలేదు. కనబడకపోయినను మానక పనిచేసిరి. విశ్వాసమనగా ఇదియే.

7. ఈ మాసము మనము చేయవలసినది

ఈ పాఠమును విని ఊరకుండక, ప్రతి కుటుంబము రెండు పనులు చేయవలెనని కోరుచున్నాము. మొదటిది, మీ ఊరిలో భయముతోనున్న ఒక యింటిని ఎన్నుకొనుడి. వారికి బోధ చేయుటకు కాదు. ఏలీషావలె వారికొరకు ప్రార్థించుటకు, వారియొద్ద కూర్చుండుటకు. రెండవది, మీతో మాటలు లేని ఒక్కనిని తలంచుకొనుడి. ఈ నెల ముగియకముందే అతని యింటికి ఏదైనను తీసికొనిపొండి: కొంచెము పెరుగో, కొత్త బియ్యమో, చెట్టునున్న కాయలో. అతడు తీసికొనకపోయినను మీరు కొట్టివేయబడినట్లు కాదు. మీతో ఉన్న బలగము పెద్దది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. సేవకుడు చూచినది సత్యమే యైనను అది చాలకపోవుటకు కారణమేమి?
2. రథములను పంపుమని అడుగుటకును, కన్నులు తెరువుమని అడుగుటకును భేదమేమి?
3. దోతానులో ఏలీషా సేవకుని అనుభవమును యోసేపు అనుభవమును పోల్చుడి. మీరిప్పుడు ఏ చోటనున్నారు?
4. దర్శనమును అమ్ముకొనువారిని గుర్తించుటకు గేహజీ కథ ఎట్లు సహాయపడును?
5. మన సంఘములో శత్రువుగా తలంపబడుచున్నవారు ఎవరు? వారికి మనము పెట్టవలసిన రొట్టె యేది?

ప్రార్థన

అదృశ్యుడవైన మా తండ్రీ, మా భయములు నీకు మరుగు కావు. మేము సగమే చూచుచున్నాము. మిగిలిన సగము నీవు చూపించుము. చూపింపక ఆలస్యము చేసినయెడల, నీ మాటను పట్టుకొని నిలుచు బలమిమ్ము. గుంటలోనున్న మా సహోదరులతో ఉండుము. మాకు కీడు చేసినవారికి అన్నము పెట్టగల హృదయమును మాకిమ్ము. మాకొరకు దూతలను పిలువక సిలువను మోసిన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.